ఓడిపోతున్నాడు, ఆట మాన్పించాలా?

ప్రశ్న: మా బాబుకు 12 ఏళ్లు. మూడేళ్లుగా షటిల్ ఆడుతున్నాడు. టోర్నమెంటుకు వెళ్తే చాలాసార్లు మొదటి రౌండ్‌లోనే ఓడిపోతాడు. ఆ సాయంత్రమంతా ఎవరితోనూ మాట్లాడడు. మర్నాడు పొద్దున్నే మళ్లీ రాకెట్ తీసుకుని బయల్దేరతాడు. ‘పతకాలు రాని ఆటకు ఇంత టైమ్ ఎందుకు, చదువుకోనీ’ అంటారు మావారు. మాన్పించమంటారా?
- ఒక తల్లి

జవాబు: వద్దమ్మా, మాన్పించకండి. ఓడిన మర్నాడు ఎవరూ లేపకుండా రాకెట్ పట్టుకుంటున్నాడంటే, బాధ పడటం, పడ్డాక లేచి వెళ్లడం రెండూ వాడికి వస్తున్నాయి. పెద్దయ్యాక ఈ రెండోది నేర్చుకోవడం చాలా కష్టం.

నేను చిన్నప్పటి నుంచి షటిల్ ఆడాను, ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నాను. పెద్ద పతకాలేవీ రాలేదు. కానీ ఈ రోజు నా స్వభావంలో నాకు నచ్చేవన్నీ కోర్టులో అబ్బినవే. మా రోజుల్లో సర్వీస్ చేసేవాళ్లకే పాయింట్ వచ్చేది, తప్పు చేసినా సర్దుకోవడానికి కాస్త వ్యవధి ఉండేది. 2006లో వచ్చిన 21 పాయింట్ల పద్ధతిలో ప్రతి ర్యాలీకీ, అంటే సర్వీస్ నుంచి షటిల్ కింద పడేదాకా సాగే ప్రతి ఆటకూ పాయింటే. షటిల్ నెట్‌కు తగిలి మన వైపే పడిందంటే అవతలివాడికి పాయింట్ వెళ్లిపోయినట్టే. దాని గురించే ఆలోచిస్తూ నిలబడితే తర్వాతి పాయింట్ కూడా పోతుంది. ఎవరి స్కోరైనా 11కు చేరగానే 60 సెకన్ల విరామం ఇస్తారు. 4-11తో వెనకబడిన పిల్లవాడు ఆ నిమిషంలో నీళ్లు తాగాలి, చెమట తుడుచుకోవాలి, కోచ్ మాట వినాలి, ఏడుపు ఆపుకుని మళ్లీ కోర్టులోకి అడుగు పెట్టాలి. పరీక్ష హాల్లో మొదటి ప్రశ్న రాకపోతే టెన్షన్ పడకుండా రెండో ప్రశ్నకు వెళ్లేందుకు కావాల్సిన నిబ్బరం కూడా ఇదే. మీవారికి ఈ మాట చెప్పి చూడండి.

ఇంకో విషయం. ప్రాక్టీస్ మ్యాచుల్లో అంపైర్ ఉండడు. మన వైపు పడిన షటిల్ లైన్ లోపలో బయటో మనమే చెప్పాలి. 19-19 దగ్గర లైన్‌ను తాకిన షటిల్‌ను ‘ఇన్’ అని చెప్పి పాయింట్ వదులుకునే పిల్లలను నేను రోజూ చూస్తాను. ఆ మాట చెప్పేటప్పుడు వాళ్ల గొంతు వణుకుతుంది, అయినా చెప్తారు. నాకు పతకం కన్నా అది గొప్పగా అనిపిస్తుంది.

మా కోచ్‌గారు మ్యాచ్ అయ్యాక స్కోరు అడిగేవారు కాదు. ‘ఆట ఎక్కడ చేజారిందిరా?’ అనేవారు. ‘అవతలివాడు నా బ్యాక్‌హ్యాండ్ మూలకు వేయడం మొదలుపెట్టాక’ అని నేనే వెతుక్కుని చెప్పేవాణ్ని. మర్నాడు ఆ మూల మీదే పని. బాబును మీరూ అలాగే అడగండి, అయితే ఆ సాయంత్రం వద్దు. వాడి మౌనం వాడిని పడనివ్వండి.

చదువు గురించి మీవారి దిగులు తీసిపారేయాల్సింది కాదని మీకూ తెలుసు. పరీక్షల వారంలో ప్రాక్టీస్ తగ్గించండి, పూర్తిగా ఆపొద్దు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసే కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. వారానికి ఒక రోజైనా రాకెట్ ముట్టుకోనివ్వకండి. భుజం, మోకాలు నొప్పి అంటే ఓర్చుకోమనకండి. ‘ఇక నాకు ఇష్టం లేదు’ అని వాడే అన్న రోజున మాత్రం బలవంతపెట్టొద్దు.

వాళ్ల నాన్నగారిని ఒకసారి కోర్టు దగ్గరికి పంపండి, మ్యాచ్‌కు కాదు, మామూలు ప్రాక్టీస్‌కు.