గోండి క్లాసు పెడుతున్న తమ్ముడికి

తమ్ముడూ,

ఉట్నూరులో మనవాళ్లకు, అంటే గోండి వింటే అర్థమై కూడా మాట్లాడమంటే నోరు పెగలని పాతిక ముప్పై ఏళ్లవాళ్లకు క్లాసు పెడతానన్నావు, సంతోషం. నీ ప్లాన్ చూశాను. మొదటి నెలంతా గోండి రాసే గుంజాల లిపే పెట్టావు, అది తీసెయ్. ఆ లిపి మనకు గర్వకారణమే, 2018లో కంప్యూటర్లు, ఫోన్లు వాడే యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది, కానీ అక్షరాలు దిద్దితే మాట రాదు కదా. కాస్త మాట్లాడటం వచ్చాక చూపించు, అప్పుడు తొందరగా పట్టేస్తారు.

ఆదివారం రెండు గంటల క్లాసుతో కూడా ఏమీ కాదు. కెనడాలో సిక్స్ నేషన్స్ అనే చోట మోహాక్ ఆదివాసులు 1999 నుంచి పెద్దవాళ్లకు తమ భాష నేర్పే బడి నడుపుతున్నారు, రోజంతా అదే పని, రెండేళ్ల కోర్సు. మనకు అంత కుదరదు, అన్నాళ్లు ఇల్లు ఎలా గడుస్తుంది? అందుకే ఏడాది పొడవునా సాగదీయకుండా, పత్తి ఏరడం అయిపోయాక రెండు నెలలు రోజుకు నాలుగైదు గంటలు గట్టిగా పెట్టు. అప్పుడు ఇప్పపువ్వు రాలే కాలం కూడా కలిసొస్తుంది. తెల్లవారకముందే ఏరడానికి వెళ్లే ముసలమ్మల వెంట వీళ్లను పంపు, అదే మొదటి పీరియడ్.

క్లాసులో తెలుగు వద్దు, అనువాదమూ వద్దు. న్యూజిలాండ్ మావోరీలు 1979లో మొదలుపెట్టిన తె అతారంగి అనే భాష నేర్పే పద్ధతిలో రంగు పుల్లలు చేతికిచ్చి ఎర్రది తీసుకో, పొడుగుది ఇటివ్వు అంటూ వాళ్ల భాషలోనే నడిపిస్తారు. మనకు గింజలు, గులకరాళ్లు చాలు. గోండి తెలుగుకు దగ్గరి చుట్టం కాబట్టి మనవాళ్లు తెలుగు వాక్యంలోనే గోండి మాటలు కూర్చేస్తారు, అక్కడే జాగ్రత్త. తెలుగులో ఆడవాళ్లయినా మగవాళ్లయినా 'వచ్చారు' అంటాం, గోండిలో అలా కుదరదు, క్రియ మారుతుంది. ఇలాంటివి చెబితే ఎక్కవు, రోజూ వందసార్లు అనిపించాలి.

అన్నిటికంటే పెద్ద టెన్షన్ నేర్చుకునేవాళ్లతో కాదు, నేర్పే పెద్దలతోనే. కుర్రాడు ఒక్క మాట తడబడగానే నవ్వేస్తారు, లేదా జాలిపడి తెలుగులోకి దిగిపోతారు, ఇక ఆ కుర్రాడు మళ్లీ నోరు తెరవడు. క్లాసు మొదలవకముందే వాళ్లను విడిగా కూర్చోబెట్టి చెప్పు, తప్పు అన్నా నవ్వొద్దు, సరైన వాక్యం మామూలుగా మళ్లీ అంటే చాలని. డబ్బు ఎక్కడినుంచి వచ్చినా ముందు వాళ్ల రోజు కూలి లెక్క కట్టు, బ్యానర్లు, టీషర్టులు తర్వాత.

పేర్ల లిస్టు పంపు. పన్నెండుమంది దాటితే రెండు బ్యాచ్‌లు చెయ్యి.