వేడుక మీది, డిపాజిట్ అమ్మాయిది

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. కావలిలో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో లెక్చరర్‌ని. పాత రేడియోల్లోలా గాజు వాల్వులతో పనిచేసే ఆంప్లిఫయర్లు, స్పీకర్ పెట్టెలు సొంతంగా తయారు చేసుకోవడం నా సరదా. ఒంగోలు నుంచి నెల్లూరు వరకు నాలాంటివాళ్లం 19 మందిమి ఉన్నాం. ఎవరి సామాను వారు తెచ్చి పదిమందికీ వినిపించేలా నెల్లూరులో రెండు రోజుల ప్రదర్శన పెట్టాలని ఉంది. ఏసీ కల్యాణ మండపం, స్టాళ్లు, ప్రచారం అన్నీ కలిపి రూ.4 లక్షలు అవుతుందని ఈవెంట్లు చేసేవారు చెప్పారు. టికెట్ రూ.200 పెడితే తిరిగి వస్తుందన్న ధైర్యం ఉంది. అమ్మాయి ఇంజినీరింగ్ కోసం వేసిన రూ.3 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేసుకోవాలా, దాని మీద అప్పు తీసుకోవాలా?

జవాబు: రెండూ వద్దు. గడువుకు ముందే రద్దు చేస్తే చాలా బ్యాంకులు వడ్డీలో అర శాతం నుంచి ఒక శాతం దాకా కోస్తాయి. అప్పు తీసుకుంటే మీకు వచ్చే వడ్డీ కంటే ఒకటి రెండు శాతం ఎక్కువ కడతారు. ఈ తేడాతో కొంప మునగదు. నా భయమల్లా, అడ్వాన్సులు మూడు నెలల ముందే చేతి నుంచి వెళ్లిపోతాయి, టికెట్ల డబ్బు మాత్రం ఆ రోజుకు గానీ రాదు. ఆ రోజే బంగాళాఖాతంలో వాయుగుండం పడితే నష్టం అమ్మాయి ఫీజు మీద పడుతుంది.

రూ.200 చొప్పున రూ.4 లక్షలు రావాలంటే 2,000 టికెట్లు తెగాలి. నెల్లూరులో కొత్త సినిమాకు రెండు వేల మంది సులువుగా వస్తారు. వాల్వు వేడెక్కే దాకా కుర్చీలో ఓపికగా కూర్చునేవారు అంతమంది ఉంటే మీరు 19 మంది దగ్గరే ఎందుకు ఆగిపోతారు? పైగా ఆ నాలుగు లక్షలు పన్నుతో కలిపి చెప్పారో లేదో మీరు రాయలేదు. విడిగా అయితే 18 శాతం జీఎస్టీ కింద ఇంకో రూ.72 వేలు.

అసలు కల్యాణ మండపం ఎందుకు? గ్రానైట్ నేల, ఎత్తైన పైకప్పు, నాలుగు వైపులా నున్నటి గోడలు. ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లి మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టండి, ఆ మోత ఎంతసేపు తిరుగుతుందో వింటారు. అందులో పది స్టాళ్లు పక్కపక్కన పాడితే అది సంత. విదేశాల్లో ఇలాంటి ప్రదర్శనలు చాలావరకు హోటల్ గదుల్లోనే జరుగుతాయి, ఒక్కొక్కరికి ఒక్కో గది. తలుపు వేసుకుంటే ఎవరి చప్పుడు వారిది. మీరూ ఒక మంచి లాడ్జిలో ఒకే అంతస్తులో ఎనిమిది గదులు, కింద చిన్న మీటింగ్ హాలు మాట్లాడుకోండి. కిటికీలకు పరదాలు ఎలాగూ ఉంటాయి. మంచం మీది పరుపు తీసి స్పీకర్ల వెనక మూలలో నిలబెడితే గదిలో మోత చాలావరకు అణుగుతుంది, దానికి అద్దె కూడా ఉండదు. అయితే అడ్వాన్సు ఇచ్చేముందు ఒక ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకుని వెళ్లండి. ప్లగ్గులో ఎర్త్ సరిగ్గా లేకపోతే ప్రతి గదిలోనూ గుయ్‌మనే హమ్ తప్పదని నాకంటే మీకే బాగా తెలుసు. కరెంటు పోతే లాడ్జి జనరేటరు మీద ఏ ప్లగ్గులు పనిచేస్తాయో కూడా అప్పుడే అడిగేయండి.

తేదీ కూడా డబ్బు లెక్కే. అక్టోబరు, నవంబరు, డిసెంబరు మనకు తుపాన్ల నెలలు. మే నెల సంగతి నెల్లూరు వాళ్లకు చెప్పేదేముంది. రొట్టెల పండుగ రోజుల్లో స్వర్ణాల చెరువు దగ్గరికి లక్షల మంది వస్తారు, లాడ్జిలో గది దొరకడమే గగనం. అది మొహర్రంతో వచ్చేది కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుగానే వస్తుంది, క్యాలెండరు చూసుకోవాలి. నా ఓటు సంక్రాంతి వెళ్లాక మిగిలే పుష్యమాసానికి. ముహూర్తాలు ఉండవు, హాళ్లు ఖాళీగా ఉంటాయి, బేరం మీ చేతిలో ఉంటుంది. వానా లేదు, ఎండా లేదు.

ఇక ఖర్చు. నేను అంచనాగా వేసిన అంకెలివి, మీరు కొటేషన్లు తెచ్చి మార్చుకోండి. శనివారం సర్దుకోవడం, ఆదివారం ప్రదర్శన. మొదటిసారికి ఒక్క రోజు చాలు. ఎనిమిది గదులు రూ.2,000 చొప్పున రెండు రోజులకు రూ.32,000. హాలు రూ.18,000. పనిచేసేవారికి భోజనాలు, టీలు రూ.10,000. ఫ్లెక్సీలు, కరపత్రాలు రూ.5,000. ఎలక్ట్రీషియన్‌కు రూ.5,000. పాటల అనుమతులకు, చిన్న బీమాకు కలిపి రూ.15,000. మొత్తం రూ.85,000. అనుకోని ఖర్చులకు పది శాతం కలిపితే రూ.93,500. కొటేషన్లు పన్నుతో కలిపే రాయించుకోండి. రూ.7,500 లోపు గదికి జీఎస్టీ 5 శాతమే గానీ హాలుకు 18 శాతం.

పాటల అనుమతులు అనగానే మీరు నొసలు చిట్లించి ఉంటారు. రికార్డు మీ సొంతమే అయినా, టికెట్ పెట్టి పదిమందికి వినిపించే హక్కు దానితోపాటు రాదు. రికార్డింగుకు పీపీఎల్, బాణీకీ సాహిత్యానికీ ఐపీఆర్ఎస్ సంస్థలు లైసెన్సులు ఇస్తాయి. మీరు వినిపించబోయే రికార్డులు ఎవరి కింద ఉన్నాయో చూసి ముందే రాసి అడగండి. ఆ రోజు ఎవరో వచ్చి ఆపితే అంతకంటే ఖర్చు.

వచ్చేది టికెట్లతో మొదలుపెట్టకండి. గది తీసుకునేవారు రూ.6,000 చొప్పున రూ.48,000 ఇస్తారు. హాల్లో పాత రికార్డులు, విడిభాగాలు, వాడిన సామాను పెట్టుకోవడానికి 20 టేబుళ్లు, ఒక్కోటి రూ.1,500, అంటే రూ.30,000. ఇక్కడికే రూ.78,000 అయింది, అదీ ప్రదర్శనకు ముందే. మిగిలింది రూ.15,500. టికెట్ రూ.100 చేసి 150 మంది వస్తే ఐదు వందలు తక్కువ. 60 మందే వచ్చారనుకోండి, లోటు రూ.9,500. మీ 19 మందికి పంచితే తలా రూ.500. నెల్లూరులో ఇద్దరు చేపల పులుసుతో భోంచేస్తే అయ్యే ఖర్చు. ఆ రూ.500 మీ సరదాకు ధర అనుకోవచ్చు. అమ్మాయి డిపాజిట్ అలా అనుకోదగ్గది కాదు.

డబ్బు మీ జీతం పడే ఖాతాలోకి రానివ్వకండి. మీలో ఇద్దరి పేరిట, ఇద్దరూ సంతకం పెడితేనే డబ్బు కదిలేలా జాయింట్ ఖాతా తెరవండి, ప్రతి రూపాయికీ రసీదు ఇవ్వండి. స్నేహితుల మధ్య లెక్కలెందుకు అనేవారు ప్రతి బృందంలోనూ ఒకరుంటారు, చివర్లో లెక్క అడిగేదీ ఆయనే. మీ వసూళ్లు ఏడాదికి రూ.20 లక్షల లోపే కాబట్టి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. చెన్నై నుంచి వచ్చి ఇక్కడ సామాను అమ్మదలచిన వ్యాపారి సంగతి వేరు. ఆయన మన రాష్ట్రంలో తాత్కాలిక రిజిస్ట్రేషన్ తీసుకుని, పన్ను ముందే జమచేయాలి. ఏటా జరపాలనుకుంటే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద సంఘం పెట్టుకోవచ్చు, ఏడుగురు చాలు. ఆ పని రెండో ఏడాదికి ఉంచండి.

గదులకూ టేబుళ్లకూ తీసుకునే దరఖాస్తు మీద రెండు మాటలు తప్పకుండా అచ్చువేయించండి. ఎవరి సామాను పగిలినా బాధ్యత వారిదే. మూత తీసిన వాల్వు ఆంప్లిఫయరుకు చేయి అందనంత దూరంలో తాడు కట్టాలి. లోపల నాలుగైదు వందల వోల్టులు ఉంటాయి, చూడవచ్చేవాళ్లు పిల్లలతో వస్తారు.

ఇవాళే ఈవెంట్ల వారికి వద్దని చెప్పేయండి. లాడ్జి వారితో తేదీ మాత్రం నోటిమాటగా అనుకుని, గదులూ టేబుళ్లూ కావలసినవారి నుంచి సగం సొమ్ము అడగండి. దీపావళి నాటికి ఆరు గదులకు, పన్నెండు టేబుళ్లకు డబ్బు పడితే లాడ్జికి అడ్వాన్సు కట్టండి. పడకపోతే ఎవరి డబ్బు వారికి తిరిగి ఇచ్చేసి, ఆ 19 మందీ ఒక ఆదివారం మీ డాబా మీద కలవండి.