తడి చేతులతో నోట్ రాసుకోవడం ఎలా కుదిరిందంటే

"ఏదైనా గుర్తొస్తే ఫోన్‌లో రాసుకుందామని యాప్ తెరిచేలోపే మర్చిపోతున్నాను, ఏ యాప్ మంచిది?" అని అడిగారు. ఏడాది కిందటి దాకా నాదీ ఇదే ఇబ్బందండి. నా అనుభవంలో యాప్ ఏదన్నది రెండో సంగతి. జేబులోంచి ఫోన్ తీశాక ఎన్ని సెకన్లలో మాట అందులో పడుతుందో అదే చూసుకోవాలి.

మాది మొగల్తూరు దగ్గర పల్లె. నాలుగు వనామీ రొయ్యల చెరువులు చూసుకుంటాను. పొద్దున్నే గట్టు వెంట తిరుగుతూ చెక్ ట్రేలు, అంటే రొయ్య మేత తింటోందో లేదో తెలియడానికి కొద్దిగా మేత వేసి నీళ్లలోకి దించే పళ్లేలు, లేపి చూస్తాం. మేత అయిపోయిందా మిగిలిందా, రొయ్య పేగు నిండుగా ఉందా, వీటిని బట్టే తర్వాతి పూట మేత ఎంత వేయాలో తేల్చుకుంటాం. ఒకరోజు రెండో చెరువు ట్రేలో మేత సగం మిగిలింది. ఇంటికొచ్చి కాఫీ తాగేసరికి అది మూడో చెరువని మనసులో పడిపోయింది. మూడోదానికి తగ్గించమని, రెండోదానికి మామూలుగా వేయమని కుర్రాడికి చెప్పి పెళ్లికి వెళ్లాను. రెండు రోజులూ అతను నా మాట ప్రకారమే వేశాడు. తినని మేత అడుగున కుళ్లి అమ్మోనియా పెరిగింది. నీళ్లు మార్చి, నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు అదనంగా తిప్పి, రొయ్య మళ్లీ మేత అందుకునేదాకా మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

ఫోన్‌లో నోట్స్ యాప్ అప్పుడూ ఉంది. కానీ చెయ్యి తడి. స్క్రీన్ మీద పడ్డ నీటి చుక్కనీ ఫోన్ వేలే అనుకుంటుంది, ఒకటి నొక్కితే ఇంకోటి తెరుచుకుంటుంది. లుంగీకి తుడుచుకుని, లాక్ తీసి, యాప్ వెతికి, కీబోర్డు తెలుగులోకి మార్చేసరికి పక్క చెరువు వచ్చేస్తుంది.

ఇప్పుడు గూగుల్ కీప్ అనే నోట్స్ యాప్ విడ్జెట్‌ను, అంటే యాప్ వెతక్కుండానే నొక్కే దాని చిన్న పెట్టెను, హోమ్ స్క్రీన్ మొదటి పేజీలోనే, బొటనవేలికి అందేచోట పెట్టుకున్నాను. మైకు గుర్తు నొక్కి, "రెండో చెరువు. ట్రేలో మేత సగం మిగిలింది. పేగు ఖాళీ" అంటాను, అంతే. ఫోన్‌లో వాయిస్ టైపింగ్ భాష తెలుగు పెట్టుకుంటే మాట అక్షరాలై వస్తుంది, నా గొంతు కూడా అదే నోట్‌లో ఉంటుంది. నాకు బాగా పనికొచ్చింది ఈ రెండోదే. ఏరేటర్ల మోతలో "పేగు"ను ఇంకేదోగా రాసినా, రాత్రి ఒకసారి వింటే తెలిసిపోతుంది. మధ్యలో కాస్త ఆగితే మాట అయిపోయిందనుకుని రికార్డింగ్ ఆపేస్తుంది కాబట్టి, ఏం చెప్పాలో ముందు అనుకుని ఒక్క ఊపులో చెప్పండి. దేని గురించో అది మొదట రావాలి. నేను చెరువు నంబరుతోనే మొదలుపెడతాను.

గట్టు చివర సిగ్నల్ ఉండదు. నెట్ లేకపోతే నా ఫోన్ తెలుగు మాటను రాయదు. అక్కడ మామూలు వాయిస్ రికార్డరే వాడతాను.

ఫొటోలకు మాత్రం వాట్సాప్. 2022 నవంబరులో మనకు మనమే మెసేజ్ పెట్టుకునే సదుపాయం వచ్చింది కదా, అది. మేత బస్తా మీది బ్యాచ్ నంబరు, సీడ్ (రొయ్య పిల్లల) బిల్లు, నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో చూపే డి.ఓ. మీటరులో అంకె ఫొటో తీసి, కింద ఒక్క మాట రాసి అందులో పడేస్తాను. ఆ ఒక్క మాట తప్పకుండా రాయండి. ఉత్త ఫొటో అయితే పది రోజుల తర్వాత అది ఏ చెరువుదో ఎలా తెలుస్తుంది? కుర్రాళ్లు పంపిన వాయిస్ మెసేజ్‌లను కూడా అక్కడికే ఫార్వర్డ్ చేసుకుంటాను.

రాత్రి భోజనమయ్యాక పది నిమిషాలు కూర్చుని ఇవన్నీ చెరువు పుస్తకంలోకి ఎక్కించి, ఎక్కించినవి ఫోన్‌లోంచి తీసేస్తాను. ఈ పది నిమిషాలు మానేసిన వారం యాప్ అంతా చెత్తకుప్పలా తయారైంది, కావాల్సింది ఒక్కటీ దొరకలేదు. ఫోన్‌ను దాచుకునే చోటుగా కాకుండా పట్టుకునే చోటుగానే వాడుతున్నాను.

మీకు ఎక్కువగా బండి మీద ఉన్నప్పుడు గుర్తొస్తాయా, పనిలో ఉన్నప్పుడా? అది చెబితే మీ ఫోన్‌లో మైకు గుర్తు ఎక్కడ పెట్టుకుంటే అందుతుందో రాస్తాను. బండి మీదైతే మాత్రం పక్కకు ఆపి చెప్పుకోండి.