సెలవుల్లో పిల్లలకు పండూ చాక్లెట్టూ

చి. ల. సౌ. చిట్టికి పెద్దమ్మ ఆశీస్సులు.

పిల్లలకు సెలవులిచ్చారు, మధ్యాహ్నం రెండయితే చాలు ఐస్‌క్రీమ్ కోసం గొడవ మొదలు, ఇంట్లోనే పండ్లూ చాక్లెట్టూ పెట్టి చల్లగా ఏదైనా చేసే దారి చెప్పమని ఫోన్లో అడిగావు. ఇలాంటివి ఫోన్లో చెబితే సగం గాలికి పోతాయి. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. వంటింట్లో పక్కన పెట్టుకుని చేసుకో.

అన్నిటికంటే ముందు ఒక్కటి మనసులో పెట్టుకో. పండులో ఎక్కువ భాగం నీళ్లే. చాక్లెట్‌కేమో నీళ్లంటే అస్సలు పడదు. కరిగిన చాక్లెట్‌లో నాలుగు చుక్కలు పడినా, అందులోని చక్కెర, కోకో పొడి ఆ తడిని పీల్చుకుని, నున్నగా జారేది కాస్తా తడి ఇసకలా ముద్దకట్టేస్తుంది. కాబట్టి ఈ పనిలో నేర్చుకోవాల్సినదంతా తడిని దూరం పెట్టడమే. గిన్నె పొడిగా ఉండాలి, చెంచా పొడిగా ఉండాలి, నీ చేతులు పొడిగా ఉండాలి, పండు పైన చెమ్మ ఉండకూడదు. ఇది పట్టుబడితే మిగతాదంతా పిల్లలాట.

చాక్లెట్ సంగతి చెబుతాను. కొట్లో అట్టలుగా అమ్మేది రెండు రకాలు. ఒకటి కాంపౌండ్. దాంట్లో కోకో బటర్, అంటే కోకో గింజల్లోంచి తీసే కొవ్వు బదులు వేరే వంటనూనెల కొవ్వు వేస్తారు. చవక, తేలిగ్గా గడ్డకడుతుంది, కానీ నోట్లో కాస్త మైనం తిన్నట్టు ఉంటుంది. రెండోది అసలు చాక్లెట్, కోకో బటర్‌తో చేసింది. కోకో బటర్ సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన ఒంటి వేడి అంతకంటే ఎక్కువ కాబట్టే నాలుక మీద పెట్టగానే కరిగిపోతుంది. ప్యాకెట్ వెనక పదార్థాల పట్టీ చదువు. కోకో బటర్ అని ఉంటే అసలుది, వెజిటబుల్ ఫ్యాట్ అని ముందు వరసలో ఉంటే కాంపౌండ్. షాపుల్లో చాక్లెట్ చేసేవాళ్లు అసలు చాక్లెట్‌ని కరిగించి, చల్లార్చి, మళ్లీ కొద్దిగా వేడిచేసి దాని మెరుపు నిలబెడతారు. మనకు ఆ తిప్పలు అక్కర్లేదు. ఎలాగూ ఫ్రీజర్‌లోంచి తీసి తినేదే కాబట్టి గట్టిగానే ఉంటుంది. నామాట విని అసలుదే కొను, 50 శాతానికి అటూ ఇటూగా కోకో ఉన్న డార్క్ చాక్లెట్. మిల్క్ చాక్లెట్ అయితే పండు తీపి, దాని తీపి కలిసి వెగటు పుడుతుంది. మొదట్లో పిల్లలు చేదు అంటే సగం డార్క్, సగం మిల్క్ కలుపు.

ఇంకొకటి, చాక్లెట్ చేసే ఆ కోకో మనవైపు గింజ కూడాను. దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రాలోనే. మన గోదావరి జిల్లాల్లో కొబ్బరి తోటల్లో, పామాయిల్ తోటల్లో నీడన వేస్తారు. ఈసారి పిల్లల్ని తీసుకొస్తే చూపిస్తాను. కాయలు కొమ్మ చివర కాదు, మానుకే అతుక్కుని కాస్తాయి. కాయ పగలగొడితే గింజల చుట్టూ తెల్లటి గుజ్జు, తీపీ పులుపూ కలిసి ఉంటుంది. ఆ గింజల్ని కొన్ని రోజులు పులియబెట్టి, ఎండబోస్తేగానీ చాక్లెట్ రుచి, వాసన పుట్టవు. పిల్లలు ఒకసారి కళ్లారా చూస్తే చాక్లెట్ ఊరికే రేపర్‌లో పుట్టేది కాదని తెలుస్తుంది.

ఇక కరిగించడం. 100 గ్రాముల చాక్లెట్ సన్నగా తరుగు. పెద్ద ముక్కలుంటే పైన కరిగేలోపు అడుగున మాడుతుంది. ఒక గిన్నెలో రెండు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి, పొగలు రాగానే స్టవ్ కట్టేసెయ్. దాని మీద పొడి గిన్నె పెట్టు. పై గిన్నె అడుగు నీళ్లకు తగలకూడదు, ఆవిరి వేడి చాలు. ఆ గిన్నె కింది గిన్నె కంటే వెడల్పుగా ఉంటే ఆవిరి పక్కల నుంచి లేచి చాక్లెట్‌లో పడదు. ముప్పావు వంతు కరగగానే దించేసి గరిటెతో తిప్పుతూ ఉండు, మిగతాది ఆ వేడికే కరుగుతుంది. దించేటప్పుడు గిన్నె అడుగు గుడ్డతో తుడవడం మర్చిపోకు. వంపేటప్పుడు ఆ అడుగున ఉన్న నీళ్లే జారి చాక్లెట్‌లో పడతాయి. మైక్రోవేవ్‌లో అయితే 20 సెకన్లు పెట్టడం, తీసి కలపడం, మళ్లీ 20 సెకన్లు. ఒకేసారి రెండు నిమిషాలు పెట్టి పక్కకు పోవద్దు.

కరిగాక ఒక టీ స్పూను కొబ్బరి నూనె కలుపు, వంటకు వాడేదే. చాక్లెట్ పలచబడి పండుకు సన్నగా పడుతుంది, చల్లని పండు తగలగానే గడ్డకడుతుంది, కొరికితే పటుక్కుమంటుంది. మన ఇళ్లలో కొబ్బరి నూనె వంటకు వాడకం తక్కువే, కానీ దీనికి మాత్రం దాన్ని మించినది లేదు. చిటికెడు ఉప్పు కూడా వెయ్యి. ఆ తరవాత చాక్లెట్‌ని పొడి స్టీలు గ్లాసులోకి వంపు. వెడల్పు గిన్నెలో ముంచాలంటే చాలా చాక్లెట్ కావాలి, సన్నటి గ్లాసులో అయితే కొంచెం ఉన్నా పుల్లకు గుచ్చిన పండు నిలువునా మునుగుతుంది.

మొదటిసారి అరటిపండుతోనే మొదలుపెట్టు. అంతకంటే నమ్మకమైన పండు లేదు. అరటిలో పిండి, తీపి ఎక్కువ కాబట్టి గడ్డకట్టినా రాయిలా అవదు, లోపల వెన్నలా కొరుకుడు పడుతుంది. హైదరాబాద్ బండ్ల మీద దొరికే పొడుగు పచ్చ అరటి పనికొస్తుంది. కానీ కర్పూరం అరటి దొరికితే అదే తీసుకో. గట్టిగా ఉంటుంది, సన్నటి పులుపు చాక్లెట్‌తో బాగా పోతుంది. చక్కెరకేళి రుచికి రుచే, ముక్కలు కొయ్యడానికి మాత్రం మెత్తన. తొక్క మీద చిన్న చిన్న మచ్చలు పడుతున్న పండ్లు ఎంచుకో. చల్లగా ఉన్నప్పుడు నాలుకకు తీపి తక్కువ తెలుస్తుంది, అందుకని సగం పండింది పెడితే చప్పగా ఉంటుంది. నల్లబడినవి మాత్రం వద్దు, పుల్ల నిలబడదు.

పండు సగానికి కోసి, కోసిన వైపు నుంచి పుల్ల ఐసు పుల్ల గుచ్చు. మూడొంతులు లోపలికి పోవాలి. ప్లేటు మీద బటర్ పేపర్ పరిచి, ఒకదానికొకటి తగలకుండా ఒకే వరసలో పేర్చి ఫ్రీజర్‌లో పెట్టు. కుప్పగా పోస్తే అతుక్కుపోవడమే కాదు, నెమ్మదిగా గడ్డకడతాయి. గడ్డకట్టడం ఎంత నెమ్మదిగా జరిగితే పండులోని నీరు అంత పెద్ద ఐసు పలుకులవుతుంది, కొరికితే కరకరమని ఐసు తగులుతుంది. నాలుగు గంటలు ఉంచు, రాత్రి పెట్టి పొద్దున తీసినా మంచిదే.

ముంచే ముందు తయారీ అంతా పక్కన పెట్టుకో. దంచిన వేరుశనగపప్పు, వేయించిన నువ్వులు, ఎండుకొబ్బరి తురుము, మిగిలిపోయిన పల్లీ చిక్కీ ఉంటే దాని పొడి. అసలు చిక్కీ పొడి అన్నిటికంటే బాగుంటుంది. పండ్లు రెండేసి మాత్రమే బయటికి తియ్యి. అన్నీ ఒకేసారి తీస్తే మన ఉక్కకు నిమిషంలో పైన నీటి బొట్లు చేరతాయి, ఆ తడితో ముంచితే గ్లాసులోని చాక్లెట్ అంతా పాడు. ముంచి, ఒకసారి తిప్పి, పైకెత్తి కారనిచ్చి, వెంటనే పప్పుల్లో దొర్లించాలి. పది, పదిహేను సెకన్లలో గడ్డకట్టేస్తుంది. ఆలస్యమైతే పప్పు ఒక్కటీ అంటుకోదు. అందుకని ముంచడం నీది, చల్లడం పిల్లలది అని పంచుకో. పెద్దవాడికి నువ్వులు, చిన్నదానికి కొబ్బరి ఇచ్చి చూడు, అరగంట వాళ్ల గొడవ ఉండదు.

గ్లాసులో చాక్లెట్ మరీ వేడిగా ఉంటే పూత జారిపోతుంది. వేలు పెడితే గోరువెచ్చగా ఉండాలి.

ఇంకా చిన్నవి కావాలంటే అరటిని వేలు మందాన చక్రాలు కోసి, రెండు చక్రాల మధ్య వేరుశనగ ముద్ద పెట్టి గడ్డకట్టించి, ఫోర్కుతో సగం వరకే ముంచు. నోట్లో ఒకేసారి పట్టేది కాబట్టి బట్టల మీద కారదు.

మామిడి ఉంది చూశావూ, దానికి బంగినపల్లే సరి. పీచు తక్కువ, ముక్క నిలబడుతుంది. నిలువు ముక్కలు కోసి, శుభ్రమైన గుడ్డ మీద పరిచి పైన ఒత్తి తడి తీసేసి గడ్డకట్టించు. దానికి చాక్లెట్ సగమే ముంచాలి. మామిడి వాసన మొత్తం చాక్లెట్ కింద పూడ్చెయ్యడం నాకు నచ్చదు. రసాలు ముక్కలకు పనికిరావు, వాటి రసం పిండి పుల్ల ఐసు అచ్చుల్లో పొయ్యి.

సపోటా ఎవరూ పట్టించుకోరుగానీ చాక్లెట్‌కి దానంత జోడీ ఇంకొకటి లేదంటాను. దాని తీపిలోనే మాడిన బెల్లం లాంటి రుచి ఉంటుంది. బాగా పండాలి, లేకపోతే కాయలోని జిగురుపాలు నాలుకకు పట్టుకుంటాయి. గింజలు తీసి నిలువుగా కోసి గడ్డకట్టించు. ఖర్జూరం కూడా అంతే, గింజ తీసి లోపల వేరుశనగ ముద్ద పెట్టి ముంచితే చాలు. అందులో నీరు తక్కువ కాబట్టి ఎన్నాళ్లున్నా రాయి కట్టదు, బయటి నుంచి కొనే చాక్లెట్ బార్ల జోలికి పోనక్కర్లేదు. పుచ్చకాయ వద్దు. అంతా నీరే, గడ్డకడితే ఐసుముక్క, పైన చాక్లెట్ నిలవదు.

ద్రాక్ష గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాను, వినాలి. గింజల్లేని ద్రాక్ష గడ్డకడితే చాలా బాగుంటుంది, చాక్లెట్ లేకుండా కూడా. కానీ చిన్నదానికి ఇంకా నాలుగేళ్లే. గుండ్రటి ద్రాక్ష చిన్నపిల్లల గొంతుకు సరిగ్గా అడ్డుపడే సైజు, గడ్డకడితే ఇంకా ప్రమాదం. అయిదేళ్లు నిండేదాకా దానికి గడ్డకట్టిన ద్రాక్ష పెట్టనే వద్దు. మామూలు ద్రాక్ష అయినా నిలువుగా నాలుగు ముక్కలు చేసి పెట్టు. జీడిపప్పు, బాదం, పల్లీ కూడా దానికి దంచే వెయ్యి, గుండుగా వద్దు. పరుగెత్తుతూ, మంచం మీద పడుకుని తినకుండా కూర్చోబెట్టి, నువ్వు ఎదురుగా ఉండు.

పండ్లు తక్కువగా ఉన్న రోజు పెరుగుతో చెయ్యి. పుల్లబడని గడ్డపెరుగు పలచటి బట్టలో మూటకట్టి, జల్లెడలో పెట్టి, కింద గిన్నె ఉంచి రాత్రంతా ఫ్రిజ్‌లో వదిలెయ్. నీరంతా దిగిపోయి చిక్కటి ముద్ద మిగులుతుంది. అందులో రెండు మూడు చెంచాల చక్కెర పొడి, కాస్త ఏలకుల పొడి కలిపి, బటర్ పేపర్ మీద అర వేలు మందాన పరిచి, పైన మామిడి ముక్కలు, దానిమ్మ గింజలు చల్లి, కరిగిన చాక్లెట్ చెంచాతో గీతలు గీతలుగా పొయ్యి. గడ్డకట్టాక చేత్తో విరిచి పెట్టెయ్యడమే. త్వరగా కరుగుతుంది, ప్లేటు చేతికిచ్చి తినమను.

మీది ఒకే తలుపు ఫ్రిజ్ కదా. పైన ఉండే చిన్న ఫ్రీజర్ ఎండాకాలంలో అంత చల్లబడదు. ముందు రోజు రాత్రే నాబ్ ఎక్కువలో పెట్టి, ఐసు పేరుకుని ఉంటే కరిగించి శుభ్రం చేసుకో. ప్లేటు లోపలికంటా జరిపి, అడుగు రేకుకు ఆనేలా పెట్టు. పండ్లు బాగా గడ్డకట్టాక మూత బిగుతుగా ఉన్న డబ్బాలోకి మార్చు. ఇది తప్పనిసరి. చాక్లెట్‌కి వాసనలు పట్టే గుణం ఉంది, పక్కన చేపలో, ఇడ్లీ పిండో, నలిపిన అల్లం వెల్లుల్లో ఉంటే రెండు రోజుల్లో ఆ వాసనే వస్తుంది. డబ్బాలో వరసకీ వరసకీ మధ్య బటర్ పేపర్ వెయ్యి, మూత మీద తేదీ రాసిపెట్టు. రెండు వారాల్లోపు తినేస్తే రుచి ఉంటుంది. ఎప్పుడైనా చాక్లెట్ పైన తెల్లటి పొర కనిపిస్తే అది బూజు అనుకుని పారెయ్యకు. తడికి చక్కెరో, వేడికి కొవ్వో పైకి తేలి అలా అవుతుంది. తినొచ్చు.

కరెంటు పోతే ఫ్రీజర్ తలుపు తీసి చూడొద్దు. మూసి ఉన్నంతసేపూ చల్లదనం నిలుస్తుంది. ఒకవేళ పూర్తిగా కరిగి మెత్తబడితే మళ్లీ గడ్డకట్టించకు. అప్పుడే పాలు కలిపి మిక్సీలో వేసి మిల్క్‌షేక్ చేసి తాగించెయ్.

పెట్టే ముందు మూడు నాలుగు నిమిషాలు బయట ఉంచు, పళ్లు జివ్వుమనకుండా ఉంటాయి. మధ్యాహ్నం పెట్టు, రాత్రి వద్దు. డార్క్ చాక్లెట్‌లో కాస్త కెఫీన్ ఉంటుంది, పిల్లలు నిద్రకు పేచీ పెడతారు. రోజుకు ఒకటి చాలు.

చివరికి గ్లాసు అంచులకు చాక్లెట్ మిగులుతుంది కదా, దాన్ని సింకులో పెట్టకు. వేడి పాలు అందులోనే పోసి చెంచాతో గీకి కలుపు. అది నువ్వు తాగు.

ఇట్లు
మీ పెద్దమ్మ