ట్రాన్సిల్వేనియాలో ముందునుంచీ ఉన్నది రొమేనియన్లా, హంగేరియన్లా?

ఉద్యోగరీత్యా కొన్నేళ్లు నేటి రొమేనియాలో భాగమైన ట్రాన్సిల్వేనియాలోని క్లూజ్-నపోకా నగరంలో ఉన్నాను. ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పేవారికి అక్కడ కొదవ లేదు. మా ఇంటి యజమానురాలు హంగేరియన్. ఆవిడ చెప్పే చరిత్ర తొమ్మిదో శతాబ్దం చివర మగ్యార్ల (హంగేరియన్ల పూర్వీకుల) రాకతో మొదలయ్యేది. ఆఫీసులో నా పక్కన కూర్చునే రొమేనియన్ మిత్రుడి చరిత్ర 106లో రోమన్ చక్రవర్తి ట్రాజన్ ఆ ప్రాంతపు పాత రాజ్యమైన డేసియాను జయించడంతో మొదలయ్యేది. ఇద్దరూ చెప్పింది బడిలో చదువుకున్న పాఠమే.

271–275 ప్రాంతంలో ఔరేలియన్ చక్రవర్తి సైన్యాన్నీ అధికారులనూ డాన్యూబ్ నదికి దక్షిణంగా తరలించినా, డేసియన్లతో కలిసిపోయిన సామాన్య జనం అక్కడే ఉండిపోయారనీ, తాము వారి సంతతేననీ రొమేనియన్ల వాదన. ఆ ప్రాంతం అప్పుడే ఖాళీ అయిందనీ, అల్బేనియన్‌తో ఉమ్మడిగా ఉన్న పాత పదాలను బట్టి చూస్తే రొమేనియన్ భాష డాన్యూబ్‌కు దక్షిణాన రూపుదిద్దుకుందనీ, ఆ భాష మాట్లాడే పశువుల కాపరులు హంగేరీ రాజ్యం స్థిరపడ్డాకనే ఉత్తరానికి వచ్చారనీ హంగేరియన్ల వాదన. ఔరేలియన్ తర్వాత కొన్ని శతాబ్దాల పాటు అక్కడ లాటిన్ నుంచి పుట్టిన భాష మాట్లాడేవారి గురించి స్పష్టంగా చెప్పే రాతపత్రాలు దాదాపు లేకపోవడం వల్ల ఇరువురికీ చోటు దొరికింది. మగ్యార్లు వచ్చేసరికి గెలూ అనే వ్లాహ్ (రొమేనియన్లకు పాత పేరు) నాయకుడు అక్కడ పాలిస్తున్నాడని 1200 ప్రాంతపు ఒక అజ్ఞాత రచయిత రాశాడు. రొమేనియన్లకు అదే బలమైన ఆధారం. అతను మూడు వందల ఏళ్ల తర్వాత, తన కాలంలో కనిపించిన జాతులను పాత కథలోకి చొప్పించాడన్నది హంగేరియన్ల జవాబు.

నాకు మాత్రం ఈ వాదాలు ఎప్పుడు పుంజుకున్నాయన్నదే ఎక్కువ ఆసక్తి కలిగించింది. హంగేరియన్ ప్రభువులు, హంగేరియన్ మాట్లాడే సెకెలీలు, జర్మన్ మూలాల సాక్సన్లు 1438లో కుదుర్చుకున్న ఒప్పందంతో స్థిరపడిన వ్యవస్థలో రొమేనియన్లకు రాజకీయ హోదా లేదు. వారి తరఫున 1791లో రెండో లియోపోల్డ్ చక్రవర్తికి పంపిన వినతిపత్రం, తాము ట్రాజన్ తెచ్చిన వలసదారుల సంతతి, ఈ నేలపై అందరికంటే పాతవారు, కాబట్టి సమాన హక్కులు ఇవ్వాలని అడిగింది. అంటే మూలాల చర్చ మొదటినుంచీ హక్కుల దావాలో సాక్ష్యమే. రొమేనియన్లు దక్షిణం నుంచి వచ్చారనే వలస సిద్ధాంతానికి పండిత రూపం ఇచ్చిన చరిత్రకారుడు రోస్లర్ గ్రంథం 1871లో, అంటే ట్రాన్సిల్వేనియా 1867లో హంగేరీలో విలీనమైన కొద్ది కాలానికే వెలువడింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1920లో ట్రియానాన్ ఒప్పందం ఆ ప్రాంతాన్ని రొమేనియాకు ఇచ్చాక అదే వాదం సరిహద్దు గొడవగా మారింది. 1986లో బుడాపెస్ట్‌లో మూడు సంపుటాల ట్రాన్సిల్వేనియా చరిత్ర వస్తే, దానిని ఖండిస్తూ రొమేనియా వైపు నుంచి మరుసటి ఏడాది లండన్ టైమ్స్‌లో పూర్తి పేజీ ప్రకటన వెలువడింది!

క్లూజ్ వీధుల్లోనూ ఈ తగవు కనిపిస్తుంది. 1974లో రొమేనియా కమ్యూనిస్టు పాలకుడు చౌషెస్కూ ప్రభుత్వం ఊరిపేరుకు రోమన్ కాలపు 'నపోకా'ను తగిలించింది. ప్రధాన కూడలిలో హంగేరీ రాజు మత్యాస్ గుర్రపు విగ్రహం ఉంది. 1990లలో మేయర్ ఫునార్ హయాంలో దాని ఎదుటే రోమన్ అవశేషాల కోసం తవ్వకాలు సాగించారు. తమాషా ఏమిటంటే, ఈ ఊళ్లోనే పుట్టిన మత్యాస్ తండ్రి వైపు వంశం వ్లాహ్ మూలాలది. ఆ సంగతి మా ఇంటావిడకూ తెలుసు, మిత్రుడికీ తెలుసు. ఒకరు దానిని చిన్న విషయమనేవారు, మరొకరు అసలు విషయం అదేననేవారు.

చదివినంతలో నాకు తోచింది ఇది: రొమేనియన్ భాష డాన్యూబ్‌కు ఇరువైపులా విశాలమైన ప్రాంతంలో ఏర్పడి ఉండవచ్చు, కొందరు ఉండిపోయి, కొందరు తర్వాత వచ్చి చేరి ఉండవచ్చు. ఇక మీరు అడగదలచింది నేటి సరిహద్దు న్యాయమా కాదా అన్నదైతే, ఔరేలియన్ దగ్గరికి వెళ్లవలసిన పని లేదు. 1910 జనాభా లెక్కల్లో, అనంతరం రొమేనియాకు దక్కిన ఆ భూభాగంలో రొమేనియన్ భాషీయులు సుమారు 54 శాతం, హంగేరియన్ భాషీయులు 32 శాతం. పల్లెల్లో మొదటివారిది పైచేయి. క్లూజ్ వంటి పట్టణాల్లో అప్పట్లో రెండోవారిదే. ట్రియానాన్‌లో గీసిన గీతపై వాదించాలంటే ఈ అంకెలతో మొదలుపెట్టాలి.