చీర్ జిమ్ మార్చే ముందు అమ్మాయిని అడిగారా?

ప్రశ్న: మేము టెక్సాస్‌లో ఉంటాము. మా అమ్మాయికి పదమూడేళ్లు. ఏడేళ్ల వయసు నుంచి ఇంటికి దగ్గరలో ఉన్న చిన్న జిమ్‌లో ఆల్‌స్టార్ చీర్‌లీడింగ్ (స్కూలు జట్టు కాకుండా జిమ్‌ల జట్ల మధ్య జరిగే పోటీ ఆట) చేస్తోంది. ఇప్పుడు లెవెల్ 3 జట్టులో ఉంది. నిరుడు దాకా ఫ్లయర్‌గా పైన నిలబడేది, ఈ ఏడాది కింద బేస్‌గా పెట్టారు. ఈ మధ్య బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్ (వెనక్కి ఎగిరి చేతుల మీదుగా తిరిగి కాళ్ల మీద నిలబడడం) కూడా సరిగా వేయడం లేదు. ముప్పావు గంట దూరంలో ఒక పెద్ద జిమ్ ఉంది, దాని జట్లు ఓర్లాండోలో జరిగే ప్రపంచ పోటీలకు, అంటే వరల్డ్స్‌కు వెళ్తుంటాయి. మా స్నేహితుల అమ్మాయి నిరుడు అందులో చేరింది. మే నెలలో అక్కడ ట్రైఅవుట్స్ (జట్ల ఎంపిక) ఉన్నాయి, అడ్వాన్సు కట్టాం. పెద్ద జిమ్ పేరు ఉంటే కాలేజీ స్కాలర్‌షిప్‌కు పనికొస్తుందంటున్నారు. ఒలింపిక్స్‌లోకి కూడా వస్తుందట. మారడం మంచిదా? రెండు జిమ్‌లనూ పోల్చి చెప్పగలరు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో అమ్మాయి వయసు ఉంది, లెవెల్ ఉంది, జట్టులో ఆమె స్థానం ఉంది, స్నేహితుల అమ్మాయి సంగతి ఉంది, కట్టిన అడ్వాన్సు ఉంది. ఆమె ఏమంటోందో మాత్రం ఒక్క ముక్క లేదు. ఏటా సీజను ముగిసే వేళకు ఇలాంటి ఉత్తరాలు నాకు వరుసగా వస్తాయి. చాలావాటిలో ఇదే లోటు. ఆరేళ్లుగా ఆ మ్యాట్ మీద ఒళ్లు హూనం చేసుకుంటున్నది ఆమె. ఆమెతో కూర్చుని మాట్లాడకుండా అడ్వాన్సు కట్టడం తొందరపాటు పని. కటువుగా ఉన్నా ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

మీరు ఒక్క వాక్యంలో దాటేసిన విషయం దగ్గర నేను ఆగిపోయాను. బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్ సరిగా వేయడం లేదన్నారు. అది లెవెల్ 2లోనే పట్టుబడాల్సిన విద్య. లెవెల్ 3కి వచ్చిన పిల్లలు రౌండాఫ్ అనే పక్క పల్టీ, హ్యాండ్‌స్ప్రింగ్ మీదుగా వెళ్లి గాలిలో టక్, అంటే మోకాళ్లు ముడుచుకుని పల్టీ వేస్తారు. అంతవరకు వచ్చిన అమ్మాయి వెనకటి మెట్టు దగ్గర ఆగిపోయిందంటే ముందు మణికట్టులోనో నడుములోనో నొప్పి దాస్తోందేమో డాక్టరుకు చూపించండి. నొప్పి లేదని తేలితే, వెనక్కి పడాలంటే మనసు ఒప్పుకోవడం లేదన్నమాట. చీర్‌లీడింగ్‌లోనూ జిమ్నాస్టిక్స్‌లోనూ దీన్ని మెంటల్ బ్లాక్ అంటారు. ఎంతో బాగా ఆడే పిల్లలకు కూడా వస్తుంది.

ఒకసారి ఒక జిమ్‌లో తల్లిదండ్రులు కూర్చునే చోటి నుంచి చూశాను. పన్నెండేళ్ల పిల్ల మ్యాట్ మూలన నిలబడింది. చేతులు చెవుల పక్కకు ఎత్తింది, మోకాళ్లు వంచింది, చేతులు దించేసింది. మళ్లీ ఎత్తింది, మళ్లీ దించింది. పదకొండుసార్లు లెక్కపెట్టాను. దించిన ప్రతిసారీ అద్దం ఇవతల కూర్చున్న తండ్రి వైపు ఒక్క క్షణం చూసేది. ఆయన తల అడ్డంగా ఊపేవారు. పన్నెండోసారి కోచ్ వెళ్లి, ఒక్క మాట కూడా అనకుండా, ఆ పిల్ల వీపు మీద చెయ్యి వేసి వాలుగా ఉన్న మెత్తటి పరుపు దగ్గరకు తీసుకువెళ్లింది. ఎప్పుడో చిన్నప్పుడు నేర్చిన బ్రిడ్జి (వెనక్కి వంగి చేతులు నేలకు ఆనించడం) నుంచి మళ్లీ మొదలుపెట్టించింది. ఆ తర్వాతి వారం నుంచి ఆ తండ్రిని కారులోనే కూర్చోమని చెప్పిందట. పిల్ల కోలుకోవడానికి నెలలు పట్టింది, కానీ కోలుకుంది.

మీ అమ్మాయి ఇప్పుడు ఆ మూలన ఉందేమోనని నా అనుమానం. అటువంటి సమయంలో కొత్త జిమ్, కొత్త మొహాలు, ట్రైఅవుట్స్ నాడు చేతిలో కాగితం పట్టుకుని చూసే కోచ్‌లు. వాళ్లు ఆ రోజు కంటికి కనిపించిందే రాసుకుంటారు. నిరుడు ఏం వేసిందో వాళ్లకు లెక్క లేదు. హ్యాండ్‌స్ప్రింగ్ వేయలేకపోతే లెవెల్ 2 జట్టులో పెట్టవచ్చు, లేదా జట్టుకు అదనపు సభ్యురాలిగా తీసుకుని పోటీల నాడు పక్కన కూర్చోబెట్టవచ్చు. అందులో తప్పు లేదు, జట్టు భద్రత వాళ్లకు ముఖ్యం. కానీ మీరు ఊహించుకున్న మార్పు అది కాదు కదా. అలాగని మారితే బ్లాక్ తప్పకుండా ముదురుతుందనీ అనను. భయానికి కారణం ఇప్పటి కోచ్ కేకలే అయితే చోటు మారడం మేలు చేస్తుంది. ఏది నిజమో ఆమెకే తెలుసు, మీరు అడిగితేనే చెబుతుంది.

ఇక ఫ్లయర్, బేస్ సంగతి. దీన్ని మీరు కిందికి దిగజార్చినట్టు రాశారు, అది నాకు నచ్చలేదు. ఒక స్టంట్‌లో పైన ఒకరుంటే కింద ఇద్దరు బేస్‌లు, వెనక నుంచి పట్టుకునే ఒక బ్యాక్‌స్పాట్ ఉంటారు. పైనున్న పిల్ల జారితే తల నేలకు తగలకుండా ఆపేది ఆ కింది చేతులే. పదమూడేళ్లకు పిల్లలు ఒక్కసారిగా పొడుగవుతారు, కాబట్టి స్థానాలు మారడం ఈ ఆటలో మామూలు. మంచి బేస్ దొరకడం ఏ జట్టుకైనా కష్టం, కాలేజీ జట్లకు మరీ కష్టం. ఫొటోలో పైన కనిపించడం లేదన్న బాధ మీదేనేమో ఆలోచించండి. ఇంకొక మాట గట్టిగానే చెబుతాను: మళ్లీ ఫ్లయర్ కావాలంటే తిండి తగ్గించమనే మాట మీ ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. జిమ్‌లో ఏ కోచ్ అయినా అంటే ఆ జిమ్ ఎంత పెద్దదైనా మీకు అక్కర్లేదు. ఎముక గట్టిపడే వయసు ఇది.

స్కాలర్‌షిప్ ఆశ గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే తల్లిదండ్రులు వేల డాలర్లు పోసేది దీన్ని నమ్మే. అమెరికా కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ చాంపియన్‌షిప్ చీర్‌లీడింగ్‌కు లేదు. ఫుట్‌బాల్‌కో ఈతకో ఉన్నట్టు కోచ్‌లు దేశమంతా తిరిగి పిల్లలను ఎంపిక చేసి స్కాలర్‌షిప్‌లు రాసిచ్చే వ్యవస్థ దీనికి లేదు. కనెక్టికట్‌లోని క్విన్నిపియాక్ విశ్వవిద్యాలయం ఆడపిల్లల వాలీబాల్ జట్టును తీసేసి, ఆ స్థానంలో చీర్ జట్టును లెక్క చూపించబోతే 2010లో ఫెడరల్ న్యాయమూర్తి ఒప్పుకోలేదు. చదువుల్లో, కాలేజీ క్రీడల్లో ఆడపిల్లలకు సమాన అవకాశం ఇవ్వాలనే టైటిల్ 9 చట్టం ప్రకారం దాన్ని క్రీడగా లెక్కించడం కుదరదన్నారు. ఆ తర్వాత పరిస్థితి కొంత మెరుగుపడింది. చీర్‌లీడింగ్ నుంచి పుట్టిన స్టంట్ అనే పోటీ ఆటను ఎన్‌సీఏఏ మహిళల వర్ధమాన క్రీడల జాబితాలో చేర్చింది. చిన్న కాలేజీల సంఘమైన ఎన్‌ఏఐఏ కాంపిటీటివ్ చీర్‌కు జాతీయ చాంపియన్‌షిప్ నడుపుతోంది. అక్కడక్కడ డబ్బు సాయం దొరుకుతుంది. అయితే చాలా చోట్ల అది పుస్తకాలకో, ఫీజులో కొంత భాగానికో సరిపోయేంతే. ఇప్పటి నుంచి ఐదేళ్లు పెద్ద జిమ్‌కు కట్టే రుసుము, యూనిఫామ్, కొరియోగ్రఫీ, పోటీల ప్రవేశ రుసుములు, విమానాలు, హోటళ్లు అన్నీ కాగితం మీద కూడి చూడండి. కొన్ని పోటీలకు నిర్వాహకులు చెప్పిన హోటల్‌లోనే దిగాలన్న షరతు కూడా ఉంటుంది. ఆ మొత్తాన్ని చదువు కోసం విడిగా దాస్తే మీరు ఆశించే స్కాలర్‌షిప్ కంటే ఎక్కువే ఉండవచ్చు.

కాలేజీ దరఖాస్తులో జిమ్ పేరు వెలిగిపోతుందన్న మాట కూడా పరిశీలిద్దాం. చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ యాప్‌లో చదువేతర వ్యాపకాలకు పది గడులు ఉంటాయి. ఒక్కోదాంట్లో వివరణకు ఇచ్చేది 150 అక్షరాల చోటు. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు, ఏయే తరగతుల్లో చేశారు అని అడుగుతారు. ఒకే వ్యాపకంలో ఏళ్ల తరబడి నిలబడడం, చిన్నపిల్లలకు నేర్పించడం, జట్టుకు కెప్టెన్‌గా ఉండడం అక్కడ కనిపిస్తాయి. ఏ జిమ్‌కు ఎన్ని ట్రోఫీలున్నాయో దరఖాస్తు చదివేవారికి తెలియదు, తెలుసుకోరు. ఇక కాలేజీ చీర్ జట్టులో చేరడానికి చూసేది పిల్ల వేసే టంబ్లింగ్ (నేల మీద పల్టీలు), చేసే స్టంట్. అవి చిన్న జిమ్‌లో నేర్చినా అవే.

వరల్డ్స్ మాట. 2004 నుంచి జరుగుతున్న ఆ పోటీ పై లెవెల్ జట్లది. లెవెల్ 3 పిల్లలు ఆ జిమ్‌లో చేరినా అక్కడికి వెళ్లరు. గోడ మీద ఉన్న బ్యానర్ వేరు, మీ అమ్మాయి ఆడబోయే జట్టు వేరు. అడగాల్సింది ఆ లెవెల్ 3 జట్టుకు శిక్షణ ఇచ్చేదెవరని. పేరున్న జిమ్‌లలో కూడా గొప్ప కోచ్‌లు పై జట్ల దగ్గర ఉండి, కింది జట్లను కొత్తవాళ్లకు వదిలేయడం నేను విన్నాను.

ఒలింపిక్స్ గురించి: అంతర్జాతీయ చీర్ సమాఖ్యకు 2021లో ఒలింపిక్ కమిటీ పూర్తి గుర్తింపు ఇచ్చింది, అది నిజం. గుర్తింపు వేరు, క్రీడల జాబితాలో చోటు వేరు. 2028 లాస్ ఏంజెలెస్‌లో క్రికెట్ ఉంది, చీర్‌లీడింగ్ లేదు.

పోల్చి చెప్పమన్నారు కాబట్టి చెబుతాను, కానీ ఇందులో పెద్ద రహస్యం ఏమీ లేదు. పెద్ద జిమ్‌లో ప్రతి లెవెల్‌కూ జట్టు ఉంటుంది, టంబ్లింగ్‌కు ప్రత్యేక కోచ్‌లు ఉంటారు, పోటీ ఎక్కువ. లెవెల్ 5, 6 దాకా వెళ్లాలని పిల్లకు పట్టుదల ఉంటే, ఇప్పటి జిమ్‌లో ఆ లెవెల్ జట్టే లేకపోతే, ఏదో ఒక రోజు మారడం సమంజసం. చిన్న జిమ్‌లో కోచ్‌కు పిల్ల మనసు తెలుసు. ఆరేళ్లుగా చూస్తున్న మనిషికి ఆమె ఎప్పుడు భయపడుతోందో, ఎప్పుడు బద్ధకిస్తోందో తేడా తెలుస్తుంది. చిన్న జిమ్‌లకు విడిగా డివిజన్ 2 విభాగం, దానికి సీజను చివరి పోటీ కూడా ఉన్నాయి, కాబట్టి పిల్లలు పోటీకి దూరమేమీ కారు. దూరం లెక్క మీరు వేయలేదు. ముప్పావు గంట పోను, ముప్పావు గంట రాను, వారానికి నాలుగు రోజులు అంటే ఆరు గంటలు కారులో పోతాయి. ఎనిమిదో తరగతి పిల్ల హోంవర్కు, నిద్ర అందులోంచే పోవాలి.

అమ్మా, మీ భయం నాకు అర్థమైంది. స్నేహితుల అమ్మాయి ముందుకు వెళ్లిపోతోంది, మీ అమ్మాయి పై నుంచి కిందికి వచ్చింది, వచ్చిన విద్య పోతోంది, ఇప్పుడు కదలకపోతే ఏదో చేజారిపోతుందని మీ మనసు కొట్టుకుంటోంది. ఏదీ చేజారదు. పదమూడేళ్లకు ఒక సీజను అదే లెవెల్‌లో ఉండిపోవడం నష్టం కాదు. ఈ ఏడాది అక్కడే ఉండి భయం పోగొట్టుకుని, వచ్చే మే నెలలో మారినా పెద్ద జిమ్ తలుపులు తెరిచే ఉంటాయి. వాళ్లకు పిల్లలు కావాలి. అడ్వాన్సు తిరిగి రాకపోతే పోనివ్వండి. అది పోతుందన్న బాధతో మరో పన్నెండు నెలల రుసుముకు సంతకం పెట్టకండి.

కొన్ని విషయాలకు మాత్రం సీజను ముగిసేదాకా కూడా ఆగనక్కర్లేదు. దెబ్బ తగిలిన పిల్లను ఆడమని ఒత్తిడి చేస్తే, తల తిరుగుతోందన్న పిల్లను డాక్టరు రాతపూర్వకంగా అనుమతించకముందే మ్యాట్ మీదకు పంపితే, ఒంటి గురించి నలుగురిలో మాట్లాడితే, కోచ్ మీకు తెలియకుండా పిల్లకు విడిగా మెసేజ్‌లు పెడుతుంటే, ఆ రోజే తీసుకొచ్చేయండి. ఇది చిన్న జిమ్‌కూ వర్తిస్తుంది, పెద్ద జిమ్‌కూ వర్తిస్తుంది.

కొత్త జిమ్ చూడదలచుకుంటే ట్రైఅవుట్స్ నాడు కాకుండా మామూలు రోజున వెళ్లండి. ఒక గంట చూడనిస్తారా అని అడగండి. ఎప్పుడూ చూడనివ్వం అని వాళ్లంటే వెనక్కి రండి. చూడనిస్తే, స్టంట్ బాగా వచ్చినప్పుడు ఏమంటారో పట్టించుకోకండి. పడిపోయినప్పుడు చూడండి. కోచ్ ముందు పడిన పిల్ల దగ్గరకు వెళ్తుందా, పట్టుకోలేకపోయిన పిల్లల మీద అరుస్తుందా? మిగతా పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారా, నేల చూపులు చూస్తారా? నేను రాసిన దానికంటే ఎక్కువ ఆ పది క్షణాల్లో తెలుస్తుంది. మీ అమ్మాయిని కూడా తీసుకెళ్లండి. తిరిగి వచ్చేటప్పుడు కారులో మీరేమీ అనకండి, ఆమెనే మాట్లాడనివ్వండి. నాకు మళ్లీ రాయాలనిపిస్తే ఈసారి ఉత్తరం ఆమెతో రాయించండి.

ఒకవేళ ఆమె వెళ్తాననే అంటే, ఇప్పటి కోచ్‌కు మీరు స్వయంగా వెళ్లి చెప్పండి, ఫోనులో మెసేజ్ పెట్టి ఊరుకోకండి. ఆమె స్టంట్‌లోని మిగతా ముగ్గురికీ ఆమె నోటితోనే తెలియాలి. నిరుడు దాకా పైనుంచి జారినప్పుడల్లా ఆమెను పట్టుకున్నది వాళ్లు. కొత్త జిమ్ పెట్టే ఫొటో చూసి వాళ్లకు తెలిసే పరిస్థితి రానివ్వకండి.