రొయ్యల చెరువుల సెన్సార్ రీడింగులు మాంగోడీబీ డేటాబేస్‌లో ఎలా దాచాలి?

ఇందుకూరుపేట వైపు 40 రొయ్యల చెరువులు, ఒక్కోదాని నుంచి 10 సెకన్లకో ఆక్సిజన్ రీడింగ్. అంటే రోజుకి 3,45,600. చెరువుకో డాక్యుమెంట్ (ఒక రికార్డు) పెట్టి అందులోని అర్రేకి (విలువల జాబితాకి) రీడింగులు చేర్చుకుంటూ పోవచ్చా అన్నది ప్రశ్న. వద్దు. డాక్యుమెంట్ పరిమితి 16 ఎంబీ. అది నిండకముందే, అర్రే పెరిగేకొద్దీ రాయడం నెమ్మదిస్తుంది.

5.0 వెర్షన్‌లో వచ్చిన టైమ్ సిరీస్ కలెక్షన్ (సమయం వారీ రీడింగుల కోసమే ఉన్న పట్టిక లాంటిది) వాడండి. టైమ్‌ఫీల్డ్‌లో రీడింగ్ తీసిన సమయం, మెటాఫీల్డ్‌లో చెరువు నంబరు మాత్రమే ఉండాలి. బ్యాటరీ వోల్టేజిలా మారే విలువను మెటాలో పెట్టారంటే ప్రతి మార్పుకీ కొత్త బకెట్ (రీడింగులను కలిపి దాచే మూట) పుడుతుంది, కుదింపు వల్ల వచ్చే లాభం పోతుంది. పాత డేటా 90 రోజులకి పోవాలంటే ఎక్స్‌పైర్ ఆఫ్టర్ సెకండ్స్‌కి 7776000 ఇవ్వండి.

నెట్ పోయి వచ్చాక గేట్‌వే (సెన్సార్ రీడింగులను సర్వర్‌కి పంపే పరికరం) అవే రీడింగులు మళ్లీ పంపుతుంది. టైమ్ సిరీస్‌లో నకళ్లను ఆపే యూనిక్ ఇండెక్స్ కుదరదు. కాబట్టి ముందు మామూలు కలెక్షన్‌లో చెరువు నంబరు, సమయం కలిపిన ఐడీతో రాయండి. చాలా రీడింగులు ఒకేసారి రాసేటప్పుడు ఆర్డర్డ్ ఫాల్స్ పెడితే నకళ్లు 11000 ఎర్రర్‌తో ఆగిపోతాయి, మిగతావి ఎక్కుతాయి. అలా ఎక్కినవే టైమ్ సిరీస్‌కి పంపండి.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది తేదీతో. సమయం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) దాచబడుతుంది, ఆ లెక్కన రోజు మారేది మన ఉదయం 5:30కి. చెరువులో ఆక్సిజన్ అడుగంటేది సరిగ్గా ఆ తెల్లవారుజామునే! రోజువారీ కనిష్ఠం తీసేటప్పుడు సమయాన్ని రోజు మొదలుకి కుదించే డేట్‌ట్రంక్‌కి టైమ్‌జోన్ ఆసియా/కోల్‌కతా ఇవ్వకపోతే ఒకే రాత్రి పతనం రెండు రోజులకి చీలిపోతుంది.